మా ఆఫీసు ఆదిమానవుడు

మా తోడల్లుడు గత ఆరేళ్ళలో ఒక్క చొక్కా కూడా తన ఒంటి కొలతకు కుట్టించుకోలేదు. ఎవరిదో చొక్కా ఆదికని అడిగి పట్టుకెళ్ళడం, కట్ పీసుల కొట్లో చవగ్గా దొరికిన ముక్కతో అచ్చం అలాంటిదే కుట్టించడం, దాన్ని తను తొడుక్కుని వచ్చి ఫ్యాషన్ అనడం, ఇదీ అతగాడి వరస. టేపుతో పనిలేకుండా కొలత కోసం దర్జీకిచ్చే పాత బట్టని ఆది అంటారు. లోకంలో ఎవరి ఆది వాళ్ళిచ్చుకుంటారు. ఇతనొక్కడే ఊరందరి ఆదులూ ఇచ్చాడు. అందుకే మా ఆఫీసులో అతనికి ఆదిమానవుడని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. నా ఉద్యోగ జీవితంలో నలుగురూ మెచ్చుకున్న పని అదొక్కటే.

మాది తూనికలు కొలతల ఆఫీసు. నేను ఇన్‌స్పెక్టర్ని. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు, తూకపు రాళ్ళు, మీటరు బద్దలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నా పని. అన్నీ సరిగ్గా ఉంటే వాటి మీద ముద్ర కొట్టే గుమాస్తా మా తోడల్లుడు. వెంట్రుకవాసి తేడా వస్తే కాటా పక్కన పడేసే ఆఫీసులో, చొక్కా చేతులు జానెడు పొడుగైనా చలించని మనిషి ముద్ర కొడతాడు. ఈ సంగతి తెలిస్తే ఊళ్ళో ఒక్క కిరాణా కొట్టువాడు కూడా మమ్మల్ని లెక్కచేయడని నేను ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను.

చొక్కా అడిగే పద్ధతి కూడా ఒకటుంది. ముందు పక్కన వచ్చి నిలబడతాడు. రెండు వేళ్ళతో మీ కాలరు పట్టుకుని, సన్నగా ఈలవేస్తాడు.

"ఎవరు కుట్టారండీ ఇది?"

"ఏదో, రెడీమేడే."

"రెడీమేడంటే నమ్మాలా? ఈ భుజం చూడండి, ఎంత బాగా కూచుందో! ఒక్కరోజు ఆదికిద్దురూ. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిస్తా."

పొగడ్తకి పడనివాడు ఎవడు? పైగా ఉచితంగా ఇస్త్రీ. చచ్చినట్టు ఇచ్చేవాళ్ళు. అదీ ఉన్నవాటిలో మంచిది చూసి మరీ ఇచ్చేవాళ్ళు.

మొదట హెడ్ క్లర్కు బలయ్యాడు. ఆయన చొక్కా పరిస్తే ఇద్దరు పడుకోవచ్చు. పదిరోజుల తర్వాత మావాడు ఆ కొలతకి కుట్టిన చొక్కా వేసుకొచ్చాడు. ఫ్యాను కింద నిలబడితే చొక్కా నిండా గాలి దూరి మనిషి గుండ్రంగా అయ్యాడు.

"ఏమిటయ్యా ఈ అవతారం?" అన్నాను.

"గాలాడే ఫ్యాషన్, అన్నయ్యగారూ. ఎండాకాలం కదా!"

అప్పటికి వానలు మొదలై నెలయింది.

తర్వాత టైపిస్టు చొక్కా. ఆ టైపిస్టు చీపురుపుల్ల. ఆ కొలత చొక్కాలో మావాడు ఊపిరి బిగబట్టి వచ్చాడు, బిగబట్టే కూర్చున్నాడు. పదకొండు గంటలకి నేను బంగారం తూచే త్రాసు పరీక్ష చేస్తుంటే అతనికి తుమ్ము వచ్చింది. పొట్ట మీది గుండీ తెగి, గాల్లోకి లేచి, తిన్నగా వచ్చి త్రాసు పళ్ళెంలో పడింది. మావాడు లేచి వచ్చి, వంగి ముల్లు చూశాడు.

"అర గ్రాము, అన్నయ్యగారూ. త్రాసు బాగానే ఉంది. ముద్ర కొట్టేయనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ముందు నీ పొట్టకి కొట్టుకో ముద్ర" అన్నాను.

జీపు డ్రైవరు ఆరడుగుల పైన ఉంటాడు. అతని కొలత చొక్కాలో మావాడి చేతివేళ్ళు కనబడేవి కావు. నాలుగు మడతలు పెట్టి "మడత ఫ్యాషన్" అన్నాడు. చాలని గుడ్డతో ముందు నీలం, వెనక చారలు వేసి కుట్టించినప్పుడు "జోడు రంగుల ఫ్యాషన్" అన్నాడు. వచ్చేటప్పుడొక మనిషి, పోయేటప్పుడొక మనిషి. చిరిగిన చోటల్లా ఒక జేబు వేయించేవాడు. ఒక చొక్కాకి అలా అయిదు జేబులు తేలాయి. ఒకటి మోచేతి మీద! అందులో బస్సు టికెట్టు పెట్టుకునేవాడు. చివరికి పెద్దాఫీసరు గదిలోకి కూడా పోయి, ఫైలు మీద సంతకం తీసుకుంటూ ఆయన కాలరు పట్టుకున్నాడు. ఉద్యోగం ఊడిందే అనుకున్నాం. మర్నాడు పెద్దాఫీసరుగారి జవాను ఉతికిన చొక్కా ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి మావాడి బల్ల మీద పెట్టి పోయాడు.

ఎరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. నేనీ మాట ఇంట్లో ఎన్నిసార్లు అన్నా మా ఆవిడ ఒప్పుకునేది కాదు. అతను మా ఆవిడ చెల్లెలి మొగుడు కదా మరి!

"మరిదిగారు గుమాస్తా జీతంతో దొరలా ఉంటారు. మీరు ఇన్‌స్పెక్టరు జీతంతో గుమాస్తాలా ఉంటారు" అనేది.

"దొర కాదే, దొరగారి బట్టలు ఆరేసుకున్న దండెంలా ఉంటాడు."

"దండెమైనా నయమే. మీకు ఉన్నవే నాలుగు చొక్కాలు, నాలుగూ బూడిదరంగువే. ఏ వారమేదో నాకే తెలిసి చావదు."

నా చొక్కా మాత్రం అతని చేతికి చిక్కలేదు. ఆరేళ్ళూ అడిగాడు, ఆరేళ్ళూ ఇవ్వలేదు. దానికి కారణం ఉంది. ఇరవై రెండేళ్ళుగా పరీక్ష రాళ్ళ పెట్టె ఎడమచేత్తో మోసి మోసి నా ఎడమ భుజం రెండంగుళాలు కిందికి జారింది. ఆ భుజంతో చొక్కా కుట్టించి, అది వేసుకుని ఆఫీసంతా తిరిగి, దానికో ఫ్యాషన్ పేరు పెడతాడని నాకు తెలుసు.

"అందరివీ అయిపోయాయి, అన్నయ్యగారూ. మీదొక్కటే మిగిలింది. అలాంటి భుజం అరుదు."

"నా భుజం జోలికి రాకు."

"ఒక్కరోజు! ఇస్త్రీ చేసి..."

"నేను చచ్చాక తీసుకో."

ఇక సాయంత్రం ఆఫీసు వదలగానే అతని మకాం వెనకవీధి దర్జీ కొట్టు. ఒకటిన్నర గుమ్మం వెడల్పు ఉండే కొట్టు. దర్జీ డెబ్బయ్యేళ్ళ ముసలాయన. మావాడు రోజూ అరగంట తక్కువ కాకుండా అక్కడే ఉండేవాడు. అద్దం ముందు నిలబడి తన అందం తను చూసుకుంటున్నాడని మేమందరం అనుకునేవాళ్ళం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. గుమాస్తా జీతగాడికి ఈ సోకులేమిటని నాకు ఎంత ఏవగింపో చెప్పలేను.

ఇంతలో ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినాయన బట్టల కొట్టు యజమాని. "వెనకవీధి దర్జీ టేపు తప్పుడు టేపు. నా చొక్కా ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఒక కొలత వచ్చింది. కాలరు నా చెవి వైపు చూస్తోంది. ఒకే టేపుతో రెండు కొలతలు ఎలా వస్తాయి? తగిన చర్య తీసుకోవలెను" అని రాశాడు. పెద్దాఫీసరు దాన్ని నాకు పంపాడు. టేపు తప్పని నేను రాస్తే కొట్టుకి సీలు పడుతుంది. ఆ సీలు వేయాల్సింది మావాడే.

ఫైలు నెంబరు వేస్తూ అతను ఫిర్యాదు చదివాడు. లేచి నా బల్ల దగ్గరికొచ్చాడు. మొదటిసారి నా కాలరు వైపు చూడకుండా నా మొహం వైపు చూశాడు.

"అన్నయ్యగారూ, దీన్ని ఒక్క వారం ఆపండి."

"ఎందుకు?"

"ఆ కొట్టు మూస్తే ఆయనకి ఇంకో పని రాదండీ. ముసలావిడా ఆయనా, ఇద్దరే. దాని మీదే బతుకుతున్నారు."

"ఆయన బతుకు గురించి కాదు నీ బాధ. నీ ఫ్యాషన్లు ఆగిపోతాయని బాధ."

నేను పెట్టె పట్టుకుని బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే బయల్దేరాను.

కొట్లో దర్జీ మిషను తొక్కుతున్నాడు. తలెత్తలేదు.

"రండి బాబూ. కొత్తవారిలా ఉన్నారే! ఎడమ అడుగు బరువుగా పడుతోంది."

"తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని. నీ టేపు తియ్యి."

మెళ్ళో వేలాడుతున్న టేపు తీసి, నా వైపు కాకుండా నా పక్కనున్న గోడ వైపు చాపాడు. నేను అందుకుని స్టీలు స్కేలు పక్కన పరిచాను. నోరెళ్ళబెట్టాను. టేపు మీద ఒక్క అంకె లేదు. ఒక్క గీత లేదు. తిరగేసి చూశాను. అటూ లేదు. మురికిపట్టిన తెల్ల పట్టీ, అంతే.

"ఇందులో అంకెలేవి?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "లేవా బాబూ? ఎప్పుడు పోయాయో మరి! నాకు కనబడటం మానేసి ఆరేళ్ళయింది. నాకు కనబడకపోయినా అవి ఉన్నాయనే అనుకుంటున్నా."

నేను కాసేపు స్కేలునే తుడిచాను. ఇన్‌స్పెక్టర్లు ఏం చెయ్యాలో తెలియనప్పుడు చేసే పని అదే.

"మరి బట్టలెలా కుడుతున్నావు?"

"అట్టలున్నాయిగా బాబూ."

అప్పుడు చూశాను. గోడనిండా మేకులు, మేకులకి అట్టముక్కలు. చొక్కా ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, కాలరు, ఏ కొలతకి ఆ కొలత కట్టగట్టి వేలాడుతున్నాయి. ప్రతి అట్ట అంచునా చిన్న చిన్న గాట్లు. ఆయన లేచి వేళ్ళతో గాట్లు తడుముతూ ఒక్కొక్కటీ చెప్పడం మొదలెట్టాడు.

"ఒక గాటు హెడ్ క్లర్కు. రెండు గాట్లు టైపిస్టు. మూడు, డ్రైవరు. ఇదిగో అయిదు గాట్లు, మీ పెద్దాఫీసరుగారు, మెడ లావు. ఎవరొచ్చినా భుజాల మీద చెయ్యేసి చూస్తా. ఏ అట్టో తెలిసిపోతుంది. అట్ట గుడ్డ మీద పెట్టి అంచు వెంట కత్తెర పోనివ్వడమే. మొన్నొకాయన వచ్చాడు, పైసగం డ్రైవరు, కిందిసగం హెడ్ క్లర్కు. రెండట్టలూ కలిపి కుట్టా. బ్రహ్మాండంగా కుదిరిందన్నాడు."

"ఈ ఆదులన్నీ నీకెవరు తెచ్చారు?"

"ఇంకెవరు, మీ ఆఫీసులో ఫ్యాషన్ బాబు! చొక్కా తెస్తాడు, నేను తడిమి చూసి అట్ట కోస్తా. కోసిన అట్ట సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే దాంతో ఒక చొక్కా కుట్టి చూడాలి కదా! చూడటానికి కుట్టిన చొక్కా ఎవరు కొంటారు? ఆ గుడ్డ తనే తెస్తాడు, ఆ చొక్కా తనే తీసుకుపోతాడు. వద్దు బాబూ, నీకిది లూజు అంటే, ఇప్పుడిదే ఫ్యాషన్ అంటాడు. కుట్టుకూలి కూడా మానడు. వెర్రిబాగులవాడు."

ఈ ఆరేళ్ళలో నేనతన్ని ఎన్ని మాటలన్నానో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తల కొట్టేసినట్టయింది. అయినా డ్యూటీ డ్యూటీయే. గొంతు సవరించుకుని ఫిర్యాదు చదివి వినిపించాను.

"తప్పు నాదే బాబూ" అన్నాడు ముసలాయన. "ఆయన ఒక భుజం కిందికి ఉన్న మనిషి. బట్టల తానులు మోసి మోసి అలా అయిందట. ఆ కొలతకి నా దగ్గర అట్ట లేదు. ఉన్న అట్టతోనే కుట్టా, పాడైంది. మీ ఆఫీసులో అలాంటి భుజం ఒకాయనకుందట. ఎన్నాళ్ళు బతిమాలినా చొక్కా ఇవ్వడట. మహా పీనాసి అనుకుంటా."

"అలా అని ఆ ఫ్యాషన్ బాబు చెప్పాడా?"

"అబ్బే, ఆయన మంచివారే, కాస్త బిగుసుకుపోయే మనిషి అని చెప్పాడు. పీనాసి అని నేనే అనుకున్నా."

అంటూ ఎవరొచ్చినా చేసినట్టే అలవాటుగా నా భుజాల మీద చేతులేశాడు. కుడిచెయ్యి ఒకచోట ఆగింది. ఎడమచెయ్యి ఇంకొంచెం కిందికి దిగి ఆగింది. నాలుక కరుచుకుని, చేతులు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మావాడు రొప్పుకుంటూ వచ్చిపడ్డాడు. ఒంటి మీద పెద్దాఫీసరు కొలత చొక్కా. చేతిలో కొత్త టేపు. దాని మీద తాజా ముద్ర.

"అన్నయ్యగారూ! ఇదిగో, ఇప్పుడే కొని ముద్ర కొట్టి తెచ్చా. ఇది ఆయన టేపే అని రాసేయండి. కొట్టు మూయకండి, మీకు దణ్ణం పెడతా."

"కొత్త టేపు ఆయనేం చేసుకుంటాడయ్యా? హారంలా మెళ్ళో వేసుకుంటాడా?"

మావాడు నా మొహం చూశాడు, ముసలాయన మొహం చూశాడు, గోడకున్న అట్టలు చూశాడు. అంతా తెలిసిపోయిందని అర్థమై బల్ల మీద కూలబడ్డాడు.

"ఈ మాట ఆరేళ్ళ కిందటే మాకు చెబితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"చెబితే ఇంకేముందండీ? దర్జీకి కళ్ళు కనబడవంటే గుడ్డ ఎవరిస్తారు? పోనీ పాపం ముసలాయన అని అడిగితే చిరిగినవి, సాగిపోయినవి ఇస్తారు. వాటితో అట్ట కోస్తే కొలత రాదు. ఫ్యాషన్ అని అడిగితే పెట్టెలోంచి మంచిది తీసిస్తారు. పైగా నవ్వుకుంటారు. నవ్వుకుంటే నాకేం నష్టం?"

తల గోక్కుని, "అంటే, ఫ్యాషనంటే నాకూ ఇష్టమేననుకోండి" అన్నాడు.

నేను కలం తీశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేనొక్క అబద్ధం రాయలేదు, ఆరోజూ రాయలేదు. ఇలా రాశాను: "సదరు కొట్టును తనిఖీ చేయడమైనది. అందులో కొలత సాధనమేదీ లేదు. టేపుగా పేర్కొన్న వస్తువు మీద అంకెలు, గీతలు లేనందున అది టేపు కాదు, గుడ్డ పట్టీ. లేని కొలతలో తప్పు ఉండటం అసంభవం. ఫిర్యాదుదారుకు వేరే చొక్కా ఉచితంగా కుట్టి ఇచ్చుటకు దర్జీ అంగీకరించినాడు. ఫిర్యాదు మూసివేయడమైనది." సంతకం పెట్టి మావాడికి చదివి వినిపించాను. వాడు కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు కోసం మోచేతి దగ్గర వెతుక్కున్నాడు. ఆ చొక్కాకి అక్కడ జేబు లేదు.

"వేరే చొక్కా అంటే మరి ఆ భుజం..." అని నసిగాడు ముసలాయన.

ఇక తప్పుతుందా? చొక్కా విప్పి ఆయన చేతిలో పెట్టాను. పట్టపగలు, నడివీధి కొట్లో, బనియనుతో కూర్చున్నాను. నేను కిందటేడు కాటా లాక్కున్న ఉల్లిపాయల వ్యాపారి అటే పోతూ ఆగి, "ఏమండీ ఇన్‌స్పెక్టరుగారూ, తూకం తగ్గినట్టున్నారే!" అని పలకరించి మరీ వెళ్ళాడు. ముసలాయన వేళ్ళు నా చొక్కా భుజం మీద మెల్లగా నడుస్తున్నాయి. ఇన్నేళ్ళు నేను దాచుకు తిరిగిన ఆ వంకరని ఆయన "ఎంత పనికొచ్చే భుజమండీ" అంటూ తడుముతుంటే, నాకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి.

మావాడు బల్ల కింద నుంచి ఒక డబ్బా లాగాడు. నిండా సూదులు. ఒక్కొక్క సూదిలో దారం ఎక్కించి, సూదులు గుచ్చే చిన్న గుడ్డ దిండుకి గుచ్చుతున్నాడు. రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబడి అతను చేసే సింగారం ఇదన్నమాట.

"ఇరవై ఎక్కిస్తే రేపు సాయంత్రం దాకా సరిపోతాయి" అన్నాడు. "ఊరికే కూచోకపోతే మీరూ నాలుగు ఎక్కించొచ్చుగా, అన్నయ్యగారూ!"

"ఇదేం బ్రహ్మవిద్య?" అని ఒక సూది తీసుకున్నాను. దారం పక్కనుంచి పోయింది. తడిచేసి పెట్టాను, మళ్ళీ పక్కనుంచే పోయింది. వెలుగులోకి తిరిగాను. సూదిని దగ్గరికి తెచ్చాను, దూరం పెట్టాను. ఏడుసార్లు గురి తప్పింది. ఎనిమిదోసారి సూదికి అసలు బెజ్జమే లేదని తేల్చి చెప్పాను.

మావాడు నా చేతిలోంచి అదే సూది తీసుకుని, ఒక్క దెబ్బకి దారం ఎక్కించి, దిండుకి గుచ్చాడు. ముసలాయన మాత్రం పని ఆపి, చెవి నా వైపు తిప్పాడు.

"మీ స్కేలు మీద అంకెలున్నాయా బాబూ, అవీ పోయాయా?"

ముగ్గురిలో మొదట నవ్వింది నేనేనని మావాడంటాడు. నాకు గుర్తు లేదు.

వారం తిరక్కుండా నాకు కళ్ళజోడు వచ్చింది. డాక్టరు రాసిచ్చిన చీటీ మావాడే పట్టుకుపోయి, పాత ఫ్రేముల కొట్లో చవగ్గా బేరమాడి తెచ్చాడు. చిలకపచ్చ ఫ్రేము, కొసలు రెండూ పిల్లి చెవుల్లా పైకి లేచి ఉన్నాయి. అసలది ఎవరో ఆడమనిషి కోసం చేయించిందేమోనని నాకు గట్టి అనుమానం. కొత్త ఫ్యాషన్ అంటాడు. నాలాంటి బిగుసుకుపోయే మొహానికి అలాంటిదే పడాలట. దరిద్రంగా ఉందని మొహం మీదే చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. కాకపోతే దాంతో సూదులు బాగా కనబడుతున్నాయి. ఆఫీసు వదిలాక రోజూ పది అతనెక్కిస్తాడు, పది నేనెక్కిస్తాను.